రాయిలో తరుగు

జనవరి 4

కాటాలు బాగుచేసే లైసెన్సు కాగితం ఈ రోజు కూడా రాలేదు. పాతదాని గడువు డిసెంబరు ఆఖరుతో అయిపోయింది. అదే ఇంకా గోడకు వేలాడుతోంది.

పని: చిన్న కాటా ఒకటి, ముల్లు వంగింది. అరకిలో రాయి ఒకటి, అడుగున సీసం రాలిపోయింది, పోశాను.

నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. చెడిపోయిన రాయిని బోర్లించి చూసి నేర్చుకున్నాను. అడుగున గుంట, గుంటలో సీసం. తూకం తగ్గితే సీసం పొయ్యాలి, పెరిగితే తొలవాలి. ఆ సీసం మీద తూనికల ఇన్‌స్పెక్టరు ఏటేటా ముద్ర కొడతాడు. నాలుగో తరగతిలో ఆగిపోయిన వాడికి ఆ చదువు సరిపోయింది. మిగతాది మేకులు పొట్లం కట్టి ఇచ్చే కాగితాల్లో చదువుకున్నాను.

గింజల బజారులో పన్నెండు మంది వ్యాపారులు ఉన్న రోజుల్లో నాకు తీరిక ఉండేది కాదు. ఒకడి కాటా కాస్త అటూ ఇటూ అయితే రైతు పక్క కొట్టుకు పోయేవాడు. అందుకని పన్నెండు మందీ నెలనెలా రాళ్లు నా దగ్గరికి పంపేవాళ్లు. మంచివాళ్లని కాదు. ఒకడి కాటాకు ఇంకొకడి కాటా కాపలా. కొత్త చట్టం వచ్చాక గింజలు సర్కారు మార్కెట్ బోర్డు యార్డులోనే అమ్మాలి. వేరే చోట అమ్మితే నేరం. పర్మిట్ లేకుండా జిల్లా దాటిస్తే ఇంకా పెద్ద నేరం. పన్నెండు కొట్లకూ తాళాలు పడ్డాయి.

మధ్యాహ్నం పొట్టోడు ట్రాలీ ఆపి లోపలికి తొంగి చూశాడు. ఇరవై ఏళ్లుగా మా అన్న పంట తోలేది అతనే. మనిషి పొట్టి, నోరు పొడుగు.

"ఏం మేస్త్రీ, ఈగలైనా తూకానికి వస్తున్నాయా?"

"రెండొచ్చాయి."

"ముద్ర ఉందా వాటికి?"

నవ్వాను. ఈ రోజు నవ్వింది అప్పుడే.

జనవరి 9

యార్డు మేనేజరు షాపుకు వచ్చాడు. స్టూలు తుడవబోతే వద్దన్నాడు. తనే జేబురుమాలుతో తుడుచుకుని కూర్చున్నాడు.

"తరుగనేది ఎప్పుడూ ఉండేదే కదా మేస్త్రీ గారూ. దుమ్ము, తేమ, ఎలుకలు. కాగితం మీద తరుగు రాస్తే ప్రతివాడూ పేచీకి వస్తాడు. అదే రాయిలోనే ఉందనుకోండి, ఎవడు ఎవడితో పేచీ పడతాడు?"

ఇరవై కిలోల రాయికి ఏడు వందల గ్రాముల సీసం పొయ్యాలట. పన్నెండు రాళ్లు.

"రాయి అబద్ధం చెప్పకూడదు సార్," అన్నాను.

"రాయి ఏం చెబుతుందండీ? చెప్పేది ముద్ర. ముద్ర సంగతి మేం చూసుకుంటాం." లేస్తూ గోడ మీది కాగితం చూశాడు. "మీ లైసెన్సు ఇన్‌స్పెక్టరు గారి బల్ల మీదే ఉంది. ఎగిరిపోకుండా మీద బరువు పెట్టారు. మీరు ఊఁ అంటే తీసేస్తారు."

జనవరి 10

షాపు తెరవలేదు.

జనవరి 11

యార్డు రాళ్లు పన్నెండు. సీసం ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు. సరిచేశాను.

పొద్దున పొట్టోడు తెచ్చాడు, సాయంత్రం తీసుకుపోయాడు.

జనవరి 13

లైసెన్సు వచ్చింది. మా ఇంటావిడ దాన్ని గోడకు తగిలించి, దూరంగా నిలబడి చూసింది.

"ఎన్నాళ్లు తిప్పారండీ! ఇప్పుడు ఉన్నట్టుండి ఇంత దయ ఎందుకు పుట్టిందో?"

"ఏమో."

"మీరు 'ఏమో' అన్నారంటే తెలిసే ఉంటుంది," అంది. ఇంకేమీ అడగలేదు. ముప్పై ఏళ్లలో ఆవిడ నన్ను రెండోసారి అడగదని నాకు తెలుసు, నేను మొదటిసారికే చెప్పనని ఆవిడకు తెలుసు.

జనవరి 25

పని లేదు. తరుగు అన్ని చోట్లా ఉంది. బజారులో ఆ పన్నెండు మందీ తీయలేదా? తీశారు. బస్తాకు గుప్పెడు. గుప్పెడు వేరు, రెండు కిలోలు వేరు అని ఎవరైనా అనవచ్చు. నేనైతే అననక్కర్లేదు.

ఫిబ్రవరి 6

అన్న వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నలభై బస్తాలురా. ఒక్కోటీ అరవై కిలోలు. ఇంట్లో నేనే నిలబడి తూచాను, నువ్వు చేసిచ్చిన కాటా మీద. యార్డులో ముప్పై ఎనిమిదిన్నర బస్తాల లెక్కే తూగాయి. మిగతావి ఏమైనట్టు?"

"తేమ ఆరిపోయుంటుంది అన్నయ్యా."

"గంట ప్రయాణంలోనా? గింజలా అవి, మంచుగడ్డలా?"

నేను షాపు పైకప్పు రేకులో చిల్లు చూస్తూ నిలబడ్డాను.

"యార్డు రాళ్లు బోర్లించి చూశాను. కొత్త ముద్ర ఉంది. బాగుచేసింది కూడా నువ్వేనట. నువ్వు చేసిన రాయి తూకం తప్పదు. నా ఇంట్లోదీ నువ్వు చేసిందే, అదీ తప్పదు. ఇక మధ్యలో ఉన్నది పొట్టోడు ఒక్కడే."

"తొందరపడకు," అన్నాను.

"తొందరేంటి? లెక్క నువ్వే చెప్పు."



ఫిబ్రవరి 12

అన్న రెండో లోడు. మళ్లీ అంతే తక్కువ. అన్న స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు రాసిచ్చాడు. పొట్టోణ్ణి యార్డు గేటు దగ్గరే పట్టుకున్నారు. ట్రాలీ కూడా స్టేషనులోనే ఉంది.

ఫిబ్రవరి 13

నేను రాళ్లు బాగుచేశాను. ఎవరినీ పట్టించలేదు.

ఫిబ్రవరి 14

నేను ఎవరినీ పట్టించలేదు.

ఫిబ్రవరి 15

పొట్టోడి భార్య షాపుకు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"మీ అన్నగారు మీ మాట వింటారంట కదన్నా."

"ఏమంటున్నాడు వాడు?"

"ఏమీ అనట్లేదు. వాళ్లు ఎంత కొట్టినా 'నేను తియ్యలేదు' అని ఒక్కటే మాట. ఆ నోరు ఎప్పుడూ ఊరుకోదు కదన్నా, ఇప్పుడేమో తెరవడు. నాకు అదే భయంగా ఉంది."

మాట్లాడతానన్నాను. ఆమె పోయాక సన్న కాటాకు గుడ్డ కప్పాను. షాపు మూసేశాను.

ఫిబ్రవరి 17

రెండు దారులున్నాయి. యార్డు రాయి తప్పు అని చెప్పడం ఒకటి. అన్న ఇంట్లో కాటా తప్పు అని చెప్పడం రెండోది. ఏది చెప్పినా పొట్టోడు బయటికి వస్తాడు. మొదటిది చెబితే నేను లోపలికి పోతాను.

రెండోది రాసిచ్చాను. "నేను చేసిన ఇంటి కాటా రాళ్లు తూకానికి తక్కువగా ఉన్నవి. పొరపాటు నాది." కింద సంతకం. సబ్‌ఇన్‌స్పెక్టరు దాన్ని రెండుసార్లు చదివి, "ఏం మేస్త్రీ, నీ చేతి పనిని నువ్వే తిట్టుకుంటున్నావే!" అన్నాడు.

అన్న రాళ్లు తెచ్చి ఇచ్చాడు. మొహం చూడలేదు. "నువ్వు చేసిందని ఊరంతా చెప్పుకున్నానురా," అన్నాడు, అంతే.

ఆ రాళ్లు సరిగ్గా ఉన్నాయి. పదిహేనేళ్లయినా వెంట్రుకవాసి తేడా లేదు. గుంటలు లోతు చేసి సీసం పోశాను.

పొట్టోణ్ణి కాపాడాను.

ఫిబ్రవరి 18

పొట్టోడు విడుదలయ్యాడు. నా దగ్గరికి రాలేదు. అలిసిపోయి ఉంటాడు.

మార్చి 3

అన్న కాటా తప్పని తెలిశాక చుట్టుపక్కల వాళ్లంతా తమ కాటాలు యార్డు రాళ్లతో పోల్చి చూసుకున్నారు. ఏ ఒక్కటీ కలవలేదు. ఉదయం షాపు తెరిచేసరికి పదిహేడు మంది బయట నిలబడి ఉన్నారు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో సంచి.

"ఇన్నాళ్లూ తప్పుడు రాయితో బతికాం మేస్త్రీ," అంది ఒక పెద్దావిడ. "యార్డు పుణ్యమా అని తెలిసింది. నాది కూడా సరిచేసిపెట్టు నాయనా."

ఆమె రాయి చేతిలోకి తీసుకున్నాను. నేనే చేశాను దాన్ని. మంచి రాయి.

సరిచేశాను. పదిహేడు మందివీ.

మార్చి 7

ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చాడు. తిడతాడనుకున్నాను. భుజం తట్టాడు. తాలూకా కాటాలన్నీ యార్డు రాయితో కలిసేలా చేసే పని నాకే రాశాడు. ఇంత పని నేను జన్మలో చూడలేదు.

వెళ్తూ నా ఇత్తడి రాళ్ల పెట్టె అడిగాడు. మిగతా రాళ్లన్నిటికీ మూలం అవే. వాటిని వట్టి చేత్తో ముట్టుకోను. చెమట అంటినా తూకం మారుతుందని గుడ్డతో పట్టుకుంటాను. అతను వట్టి చేత్తో తీసి, ఎగరేసి పట్టుకుని, సంచిలో వేసుకున్నాడు.

"ఇవి పాతవి. యార్డు కొలతకు పోతపోసిన కొత్తవి పంపిస్తాం."

పెట్టెలో గుడ్డలు మిగిలాయి.

మార్చి 12

పని బాగా ఉంది. నలభై ఒక్క రాళ్లు.

అన్న కొత్త లోడు తోలాడు, వేరే బండిలో. బస్తాలు ఇంట్లో ఎన్నో యార్డులోనూ అన్నే. ఒక్క కిలో తేడా లేదు. సంతోషంగా ఉంటాడనుకుని అడిగాను.

"బస్తాల తేడా లేదురా. పంటలోనే తేడా ఉంది. కిందటేడు ఇదే చేలో నూట యాభై అయింది, ఈసారి నూట నలభై ఐదు దాటలేదు. నేల సత్తువ పోయింది. దిగువ చేను బీడు పెడతాను. పక్కవాళ్లు కూడా అదే అంటున్నారు."

నేల బాగానే ఉంది. ఆ ఐదు బస్తాలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఇంతకు ముందు యార్డు గేటు దగ్గర పోయేవి కాబట్టి అడగడానికి ఒక చోటైనా ఉండేది. ఇప్పుడు చేలోనే పోతున్నాయి. చేను మీద ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు?

ఇంకేమీ రాయలేను.

మార్చి 14

విత్తనాల కొట్టువాడు సామాను సర్దుతున్నాడు. "అందరూ సగమే వేస్తామంటే నేనెవరికి అమ్మను మేస్త్రీ?" అన్నాడు. అతని కాటా మాత్రం మొన్ననే సరిచేశాను.

మార్చి 19

పొట్టోడు వచ్చాడు. నెల రోజుల తర్వాత. ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని మాట్లాడుతున్నాడు. ఆ చెవి వినిపించట్లేదట.

"కిరాయిలు ఎలా ఉన్నాయి?" అన్నాను.

"దివ్యంగా ఉన్నాయి. పగలంతా ట్రాలీలోనే పడుకుంటున్నా, ఎండకి దోమలు కూడా కుట్టట్లేదు." కాసేపు నవ్వాడు, తర్వాత నవ్వలేదు. "మీ అన్న కాటా తప్పని తేలింది, నేను దొంగను కానని తేలలేదు. 'నిప్పు లేనిదే పొగ రాదు' అంటున్నారు. ఇంట్లో రెండో పూట పొయ్యి వెలగట్లేదు మేస్త్రీ. నిప్పు లేదు, పొగా లేదు."

అతను బల్ల మీది ఇరవై కిలోల రాయిని ఎత్తి, దించాడు. యార్డు కొలతకు చేసిన కొత్తది.

"నువ్వు ఎందుకు రాశావు ఆ కాగితం?"

"నిన్ను విడిపించడానికి."

"అది కాదు. ఆ రోజు నేనో మాట అన్నాను. గుర్తుందా?"

గుర్తుంది. జనవరి 11న దాన్ని రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆ సాయంత్రం పన్నెండు రాళ్లూ ట్రాలీలోకి ఎక్కిస్తూ అతను నడుం పట్టుకుని, "పొద్దున తెచ్చినప్పుడు బక్కగా ఉన్నాయి కదా మేస్త్రీ! ఏం తినిపించావు వీటికి, ఒక్క పూటలో ఒళ్లు చేశాయి?" అన్నాడు. నేను చేతులు కడుక్కుంటున్నట్టు తల తిప్పుకున్నాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"ఇరవై ఏళ్లు మోశాను. నా భుజానికి ముద్ర అక్కర్లేదు."

"మరి స్టేషనులో ఎందుకు చెప్పలేదు?"

"నే చెబితే ఎవరు నమ్ముతారు? దొంగ మాట. నువ్వు చెబితే నమ్ముతారు." కింద చూస్తూ అన్నాడు. "ఆరు రోజులు. తలుపు చప్పుడైనప్పుడల్లా మేస్త్రీ వచ్చాడనుకున్నాను. వచ్చావు. వచ్చి, నీ మంచి కాటాను చెడ్డదని రాసిచ్చి పోయావు."

టీ తెప్పిస్తానన్నాను. తాగకుండానే వెళ్లిపోయాడు.

మార్చి 20

పని చెయ్యలేదు.

మార్చి 21

చెయ్యలేదు.

మార్చి 22

ఇంటావిడ పక్కన కూర్చుంది. "ఏమండీ, మీరు నాకు చెప్పకండి. ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పండి," అంది. ఆవిడకు ఎంత తెలుసో నాకు తెలియదు.

చెబితే ఎలా చెప్పాలి? ఇత్తడి రాళ్లు లేవు. తాలూకాలో ప్రతి రాయీ ఇప్పుడు యార్డు రాయితో కలుస్తుంది, కలిసేలా నేనే చేశాను. నిజమైన కిలో ఒక్కటైనా ఎక్కడా మిగల్లేదు. సీసం పోసింది నేనేనని అంటే, "నీకు మతి పోయింది, ఏ కాటా మీద వేసినా సరిగ్గానే ఉంది చూడు" అంటారు.

మార్చి 23

ఉదయం బిందె నింపుతుంటే గుర్తొచ్చింది. ఎప్పుడో మేకుల పొట్లం కాగితంలో చదివాను. లీటరు మంచినీళ్లు తూస్తే కిలో.

ఇన్‌స్పెక్టరు రాళ్లే అడిగాడు. నూనె కొలిచే లీటరు కొలత అడగలేదు. పాత ముద్రది, అటక మీద ఉంది.

మార్చి 26

యార్డుకు వెళ్లాను. లీటరు కొలత, ఖాళీ డబ్బా, ఇసుక సంచి తీసుకుని. కబురు పెడితే పొట్టోడు నీళ్ల పీపా తెచ్చాడు. ఏం చెయ్యబోతున్నానో అడగలేదు.

వరుసలో అరవై బళ్లు ఉన్నాయి. అన్న ఏడో వాడు. నేను పెద్ద కాటాకు ఒక వైపు యార్డువారి ఇరవై కిలోల రాయి, రెండో వైపు డబ్బా పెట్టాను. డబ్బా బరువుకు సరిపడా ఇసుక రాయి పక్కన పెట్టాను. కాటా బాగుచేయడానికి వచ్చాననుకుని కూలీలు పక్కకు జరిగారు.

"ఇరవై లీటర్ల నీళ్లు ఇరవై కిలోలు," అన్నాను. నాకు అంత గట్టిగా మాట్లాడటం అలవాటు లేదు. "లెక్కపెట్టండి."

మొదట నలుగురైదుగురు లెక్కపెట్టారు. పది దాటేసరికి అందరూ లెక్కపెట్టారు. ఇరవై పోశాను. రాయి కదల్లేదు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటీ నాటకం? నీళ్లతో తూకమా? ఈ నీళ్లకు ముద్ర ఉందా?"

"నీళ్లకు ముద్రెందుకయ్యా," అంది షాపుకు వచ్చిన ఆ పెద్దావిడే. "నీళ్లకు లైసెన్సు ఇస్తానని ఆశపెట్టావా ఏంటి, అబద్ధం ఆడటానికి? పొయ్యి నాయనా, ఇంకో లీటరు పొయ్యి."

ఇరవై ఒకటో లీటరు మెల్లగా పోశాను. సగం దాటాక రాయి లేచింది. ముల్లు మధ్యకు వచ్చి నిలిచింది. కొలతలో మిగిలినవి పైకెత్తి చూపించాను. మూడు వందల మిల్లీలీటర్లు మిగిలాయి.

"రాయికి ఏడు వందల గ్రాములు ఎక్కువ. బస్తాకు రెండు కిలోల నూరు. ఆ సీసం పోసింది నేను. మీ ఇళ్లలో రాళ్లకు పోసిందీ నేనే. పొట్టోడు గింజ కూడా తియ్యలేదు."

ఎవరూ అరవలేదు. కొడతారనుకున్నాను, కొట్టలేదు. నన్ను కాదు, ఆ ముల్లునే చూస్తూ నిలబడ్డారు.

మేనేజరు మామూలు గొంతుతో అన్నాడు: "సరే. నమ్మకం లేనివాళ్లు బస్తాలు దించుకుని పోవచ్చు. గేటు తెరిచే ఉంది."

గేటు తెరిచే ఉంది. బళ్లు కదల్లేదు. ఎక్కడికి పోతాయి? పన్నెండు కొట్లకూ తాళాలు. జిల్లా సరిహద్దులో చెక్‌పోస్టు. ఇంటికి తీసుకుపోతే పురుగు. నీళ్లు నిజం చెప్పినంత మాత్రాన కొనేవాడు ఇంకొకడు పుట్టడు. నేను అది ఆలోచించలేదు. నిజం తెలిస్తే చాలనుకున్నాను.

వరుస మళ్లీ నడిచింది. ఆరు బళ్లు అయ్యాయి. అన్న వంతు వచ్చింది. మొదటి బస్తాను తనే ఎత్తి, ఆ రాళ్లకు ఎదురుగానే పెట్టాడు. పెట్టి, ఒక నిమిషం బస్తా మీది చెయ్యి తియ్యలేదు. నాతో మాట్లాడలేదు.

పొట్టోడితో మాట్లాడాడు. "రేపు పొద్దున్నే బండి తీసుకురా. ఇంకో ముప్పై బస్తాలున్నాయి."

"కిరాయి పాతదేనా?" అన్నాడు పొట్టోడు.

"పాతదే. ఆ దిగువ చేను దున్నడానికి మనిషిని కూడా చూడు. నేల తప్పేం లేదట."

మార్చి 27

పొద్దున పొట్టోడి ట్రాలీ మా వీధిలోంచి వెళ్లింది. అవసరం లేకపోయినా హారన్ కొట్టాడు.

పది గంటలకు ఇద్దరు వచ్చి లైసెన్సు తీసుకుపోయారు. గోడ మీద మేకు కనిపిస్తోంది. రేపు స్టేషనుకు రమ్మన్నారు. సర్కారు రాళ్లు పాడుచేసినందుకు కేసు. అది అబద్ధం కాదు. పొయ్యమన్నవాళ్ల మాట అందులో లేదు. మేనేజరు ఉద్యోగానికి ఢోకా లేదు.

ఇంటావిడ రెండు జతల బట్టలు సర్దింది. ఎన్నాళ్లకో తెలియదు కదా అంది.

జనవరి 11 పేజీ తీశాను. "సరిచేశాను" అన్న మాట కొట్టేశాను. "పాడుచేశాను" అని రాసి, పక్కన ఈ రోజు తేదీ వేశాను.

పని: ఏమీ లేదు.